నలభై కేబీల ఆకు

ముందే చెప్పేస్తాను. ఈ సంగతిలో నేను ఎవరికీ క్షమాపణ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడానికి కూర్చోలేదు. రిటైరైనవాళ్ళు ఉద్యోగం కబుర్లు రాసేటప్పుడు చివరికొచ్చేసరికి మెత్తబడిపోయి "అందరూ మంచివాళ్ళే, నాదే తొందర" అని ముగిస్తుంటారు. నాకు మోకాళ్ళు మెత్తబడ్డాయి గానీ ఆ విషయంలో మనసు మెత్తబడలేదు.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా ఫోనుకు ఒక ఆకు ఫోటో పంపించి, "ఇదేం తెగులు మేడమ్, అర్జెంటు" అని అడిగింది. అప్పటికే ఆ ఫోటో ఎన్ని గ్రూపులు తిరిగి వచ్చిందో ఏమో, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తే ఆకంతా గళ్ళుగళ్ళుగా ఉంది. "ఆకన్నా పంపించు, లేదంటే నన్నన్నా తీసుకుపో. ఈ గళ్ళు చూసి నేను నోరు విప్పను" అన్నాను. ఆ పిల్ల నొచ్చుకుంది. ముసలమ్మకు చాదస్తం అనుకుని ఉంటుంది. ఆమె కోసం, ఆమె ఈడువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

రెండు వేలు దాటి కొన్నేళ్ళయిన రోజులు. నేను కడపలో తోటలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. రైతు కబురు చేస్తే బస్సెక్కి పోవడం, ఆకు తిప్పి చూడడం, ఏం కొట్టాలో చెప్పి రావడం, ఇంతే నా పని. అప్పుడు మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దానితోపాటు 'వేదిక' వచ్చింది. రాష్ట్రంలో మాలాంటివాళ్ళంతా తెగులు ఫోటో పెట్టి ప్రశ్న అడిగితే, ఎక్కడో ఉన్న శాస్త్రవేత్తలు జవాబు రాసే వెబ్‌సైటు అది. ఆలోచన మంచిదే, కాదనను. దాని వెనకే ఒక సర్క్యులరు కూడా వచ్చింది. వేదికలో అడిగి జవాబు వచ్చేదాకా ఎవరూ రైతుకు సొంతంగా సలహా చెప్పకూడదట. చెప్పులరిగేలా తోటలు తిరిగినదాన్ని, నా నోటికి ప్లాస్టరు వేసినట్టయింది.

వేదికకు నిబంధనలుండేవి. ఒక ప్రశ్నకు ఒకే ఫోటో. ఆ ఫోటో నలభై కేబీ దాటకూడదు. మా ఆఫీసు కెమెరా, బీరువాలో తాళమేసి పెట్టేది, ఒక్క ఫోటో తీస్తే వెయ్యి కేబీ పైమాటే. బస్తా శనక్కాయలు తెచ్చి చెంబులో పొయ్యమన్నట్టుండేది. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. టెలిఫోను తీగ మీద నడిచే నెట్టు, ఎవరైనా ఆఫీసుకు ఫోను చేస్తే తెగిపోయేది. పెద్ద ఫోటో పైకి ఎక్కేలోపు మనం కాఫీ తాగి రావచ్చు, అది సగంలో ఆగిపోయి ఉండేది.

మా ఆఫీసులో కంప్యూటరు ముట్టుకునే హక్కు ఒకాయనకే ఉండేది. టైపిస్టుగా చేరి, మూడు రోజులు ట్రైనింగు పోయి వచ్చి, కంప్యూటరాయన అయ్యాడు. ఆ గదిలోకి చెప్పులేసుకుని వస్తే పెద్దాఫీసరునైనా బయటికి పంపించేవాడు. ఫోటో చిన్నది చెయ్యడానికి ఆయన ట్రైనింగులో నేర్చుకొచ్చిన ఉపాయం ఒకటే. తెర మీద 'క్వాలిటీ' అని ఒక గీత, గీత మీద జరిగే బొడిపె. బొడిపెను ఎడమకు జరుపుతూ పోతే కేబీలు తగ్గుతాయి. నలభై కిందికి రాగానే "పాసైంది మేడమ్!" అనేవాడు. ఫోటో ఏమైందని ఆయన చూడలేదు, మేమెవ్వరం అడగలేదు.

ఇంకో బటను సంగతి చెప్పాలి. నవ్వకండి. ఆ ఫోటోల ప్రోగ్రాములో పైన వరసగా ఉన్న మాటల్లో 'క్రాప్' అని ఒకటి ఉండేది. మొదటిరోజే కంప్యూటరాయన దాన్ని చూసి పొంగిపోయాడు.

"మేడమ్, ఈడ సూడండి. క్రాప్ అని ఉండాది. పంట! మన డిపార్టుమెంటు కోసమే పెట్టినారు."

నొక్కితే అది పలకలేదు. మిగతా మాటలన్నీ నల్లగా ఉంటే అదొక్కటీ బూడిద రంగులో ఉంది.

"ఇంకా యాక్టివ్ చెయ్యల్యా. పైనుంచి పర్మిషన్ రావల్ల," అన్నాడు.

ఎవరమూ నవ్వలేదు. తోటల ఆఫీసులో కంప్యూటరు, అందులో పంట అని బటను. ఇందులో అనుమానపడేదేముంది? మా పెద్దసారు వెంటనే పైకి లెటరు రాయించాడు. "మా కార్యాలయపు కంప్యూటరునందు పంటల సదుపాయం పనిచేయుట లేదు, తక్షణమే మంజూరు చేయగలరు" అని. దానికి జవాబు కూడా వచ్చింది. "పరిశీలనలో ఉన్నది."

పెద్దసారు ఆదోని దిక్కు మనిషి. చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం క్యారియరు విప్పితే అందరి పళ్ళేల్లోకీ తలా ఒక ముక్క జొన్నరొట్టె వెయ్యకుండా తినేవాడు కాదు. కానీ కాగితంలో ఉంటేనే ఆయనకు ఏదైనా ఉన్నట్టు. వర్షం పడుతుంటే కూడా వర్షపాతం రిపోర్టు వచ్చాకే గొడుగు తీస్తాడని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

ఆ ఏడాది కడప నుంచి కర్నూలు పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే వచ్చే ఒక పల్లె నుంచి కబురు వచ్చింది. బొప్పాయి తోట. తోటాయన అంతకుముందు లారీ డ్రైవరు. రోడ్ల మీద బతుకు చాలని లారీ అమ్మేసి, బోరు వేయించి, ఉన్న చేనంతా బొప్పాయి పెట్టాడు. చెట్లు నడుమెత్తు పెరిగి పూత, పిందె పట్టాయి. అప్పుడు లేతాకులు పసుపుపచ్చగా తిరగడం మొదలయ్యింది.

పోయి చూశాను. ఆకు మధ్యంతా పసుపు, ఈనెలు మాత్రం గీసినట్టు ఆకుపచ్చ. ముదురాకులు బాగున్నాయి. వైరస్ అయితే కాండం మీద నూనె రాసినట్టు మచ్చలుంటాయి, కాయ మీద ఉంగరాలుంటాయి, ఆకు ముడుచుకుపోతుంది. ఒక్కటీ లేదు. కిందికి చూస్తే తెల్లగా సుద్ద కలిసిన నేల. ఇది రోగం కాదు, ఆకలి. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా చెట్టుకు అందదు. అన్నభేది అనే ఇనుప లవణం నీళ్ళలో కలిపి, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి ఆకుల మీద కొడితే తేరుకుంటుంది. అన్నభేది పచారీ కొట్లో కూడా దొరికే సరుకు.

"ఏం మేడమ్, నా తోట బతుకుతాదా?" అన్నాడు తోటాయన.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. సర్క్యులరు గుర్తొచ్చి మింగేశాను.

"వేదికలో అడిగి చెప్తానన్నా."

"వేదికా? యాడుండాది అది?"

"కంప్యూటర్లో."

ఆయన నా మొహంలోకి వింతగా చూశాడు. "ఇన్నేండ్లూ మీరే సూసి సెప్తాంటిరి గదా మేడమ్. ఇప్పుడేమొచ్చింది?"

ఆయనచేత ఒక ఆకు పట్టించి, ఆకంతా కనబడేలా ఫోటో తీసుకుని వచ్చాను. కంప్యూటరాయన బొడిపె జరిపాడు. పాసైందన్నాడు. వేదికలో పెట్టాం. అదిగో, కుదించి పెట్టింది మీరే కదా అంటారేమో. అవును, మేమే. నలభై కేబీ గీత గీసింది మేం కాదు. చెంబు ఇచ్చి బస్తా పొయ్యమన్నవాళ్ళు చెప్పుకోవాలి తప్పు.

శనివారం మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "బొప్పాయి మొజాయిక్ వైరస్ లక్షణాలు స్పష్టంగా కనబడుచున్నవి. తోట మొత్తం పీకి కాల్చివేయవలెను. ఆలస్యమైనచో పక్క తోటలకు వ్యాపించును." ఆ 'స్పష్టంగా' అన్న మాట మీద నాకు ఇప్పటికీ మంటే.

వేదికలో మా ఫోటో తెరిచి చూశాను. నేను చూసిన ఆకు అందులో లేదు. సన్నటి ఈనెలన్నీ చెదిరిపోయాయి. వాటి బదులు ఆకంతా ఆకుపచ్చ గడీ, పసుపు గడీ, మళ్ళీ ఆకుపచ్చ గడీ. మొజాయిక్ అంటేనే గచ్చు మీద గళ్ళగళ్ళ పని. ఆ ఫోటో చూపిస్తే మొజాయిక్ అని నేనైనా అంటాను. పరుగెత్తుకుంటూ పెద్దసారు దగ్గరికి పోయాను.

"సార్, అది వైరస్ కాదు. ఫోటో చిన్నది చేసినప్పుడు ఈనెలు పోయినాయి. నేను చెట్టు దగ్గర నిలబడి చూసినా."

"నువ్వు చూసినావు, సరే. అది ఫైల్లో యాడుండాది?" అన్నాడాయన. "ఫైల్లో సైంటిస్టు మాట ఉండాది. రేపు పక్క తోటలకు అంటుకుంటే నన్నడుగుతారు గాని నిన్నడగరు. సోమవారం తోట పీకించి, రిపోర్టులో సంతకం పెట్టు."

"ఇంకోసారి అడుగుదాం సార్."

"ఆ ప్రశ్న మూసేసినారమ్మా. పరిష్కారమైంది అని రాసినారు సూడు."

సాయంత్రానికి కబురు ఆ పల్లెంతా పాకింది. పక్కతోటాయనకు ఇంకా పెద్ద బొప్పాయి తోట ఉంది. సోమవారం పొద్దున్నే తన ట్రాక్టరు తానే తెస్తానని ఆయన చెప్పి పంపాడట. ఆయన భయం ఆయనది. నిజంగా వైరస్ అయితే నేనే ఆ ట్రాక్టరు ముందు నడిచేదాన్ని.

ఇంటికొచ్చి వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను గానీ మనసంతా తోట దగ్గరే ఉంది. మా ఆయన మిషన్ బడిలో లెక్కల టీచరు. మర్నాడు చర్చిలో వాక్యం చదవాలని మంగలి షాపుకు పోయి వచ్చాడు. అద్దం ముందు నిలబడి సణుగుతున్నాడు.

"క్రాపు మరీ పొట్టిగ కొట్టేసినాడు సూడు. ముందర ఇంత ఉంచప్పా అంటే ఇనల్యా."

నా చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది.

"క్రాపు అంటే ఏంది?" అన్నాను.

"ఏంది అంటావేందే? కత్తిరించేది."

"అది తెలుగా, ఇంగ్లీషా?"

"ఇంగ్లీషే. క్రాప్ అంటే కత్తిరించడం. పంటకు గూడా అదే మాట. ఎందుకు?"

ముందు పగలబడి నవ్వాను. ఆ వెంటనే ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. మా ఊళ్ళో ప్రతి మగవాడూ నెలకోసారి చేయించుకునే క్రాపు! మంగలి షాపులో అడిగినా చెప్పేవాళ్ళు. మేం మాత్రం దానికి పర్మిషన్ కోసం పైకి లెటరు రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

ఆదివారం చర్చి అయిపోగానే, కట్టిన చీరతోనే మా ఆయన్ని వెంటపెట్టుకుని ఏడురోడ్ల దగ్గరున్న నెట్ సెంటరుకు పోయాను. కెమెరా బీరువాలో పెట్టకుండా శనివారం నా సంచీలోనే ఉంచుకున్నాను. అది కూడా రూలు ప్రకారం తప్పే. రాసుకోండి. అక్కడా అదే ప్రోగ్రాము. అసలు ఫోటో తెరిచి, కత్తిరించాలంటే ఎంతవరకో ముందు చూపించాలి కదా అని, మౌసు పట్టుకుని ఆకు మీద ఒక మూల చిన్న పెట్టె గీశాను. బూడిద రంగులో ఉన్న 'క్రాప్' నల్లగా మారింది.

"సదుపాయం మంజూరైంది," అన్నాను మా ఆయనతో.

నొక్కితే ఆ పెట్టెలో ఉన్న ముక్క మిగిలింది, చుట్టూ ఉన్నదంతా పోయింది. క్వాలిటీ బొడిపెను ముట్టుకోలేదు. అయినా నలభై కేబీలోపే ఉంది. ఆ ముక్కలో ఈనెలు, వాటి పిల్ల ఈనెలు కూడా ఆకుపచ్చగా తేటగా కనబడుతున్నాయి. ఆకునంతా చెంబులో కుక్కాలని చూశాం ఇన్నాళ్ళూ. అవసరమైనంత తుంచి పెట్టాలని ఒక్కరికీ తట్టలేదు.

కానీ ఒక్క ముక్క చూపిస్తే, మిగతా ఆకులో ఏముందో అంటారు. అందుకే ఆకు మొత్తాన్ని ముక్కలు చేశాను. ఒక ప్రశ్నకు ఒకే ఫోటో అన్నారు గానీ ఒక మనిషి ఎన్ని ప్రశ్నలు అడగాలో చెప్పలేదు కదా. "బొప్పాయి ఆకు, ఎడమ పక్క", "బొప్పాయి ఆకు, కుడి పక్క", "బొప్పాయి ఆకు, కొన" అని ఒక్కో ముక్కకూ ఒక్కో కొత్త ప్రశ్న వేసుకుంటూ పోయాను. "ఇట్ల చేస్తే నిన్ను తీసేస్తారేమో సూడు," అన్నాడు మా ఆయన. "తీసేస్తే తీసెయ్యనీ," అన్నాను. చివరి ముక్క కత్తిరిస్తుంటే అందులో ఆకు పట్టుకున్న తోటాయన బొటనవేలు వచ్చింది. లారీ తలుపులో పడి నలిగిన గోరు, సగం నల్లగా ఉంటుంది. దాన్ని చూసి నాకు ఒకటి తట్టింది. వేదికలో కుదించి పెట్టిన ఫోటో మళ్ళీ తెరిచి, అందులో ఆ వేలు ఎలా ఉందో చూశాను. చాలాసేపు చూశాను.

సోమవారం పొద్దున కంప్యూటరాయన ఆఫీసు నుంచి మా ఇంటికి ఫోను చేశాడు. "మేడమ్! వేదిక తెరిస్తే పైనుంచి కిందిదాకా మీ ఆకే ఉండాది! పెద్దసారు ఫైలు తీస్కొని తోటకు పోవాలని జీపు కోసం సూస్తాండాడు." నేను అప్పటికే చెప్పులేసుకుంటున్నాను.

తోట గట్టున ట్రాక్టరు ఆగి ఉంది. పక్కతోటాయన, ఆయన మనుషులు నిలబడి ఉన్నారు. మా తోటాయన బోరు దగ్గర కూర్చుని నేల చూస్తున్నాడు. పోయి ట్రాక్టరు ముందు నిలబడ్డాను. నాకు భయం వెయ్యలేదని చెప్తే అబద్ధం.

"మేడమ్, మీ మీద నాకేం కోపం ల్యా," అన్నాడు పక్కతోటాయన. "మీ ఆఫీసోల్లే వైరస్ అనిరి. నా తోటకు వస్తే నాకెవురు దిక్కు?"

"వైరస్ అయితే మొదటి చెట్టు నేనే పీకుతానన్నా. కాదు కాబట్టే అడ్డం నిలబడినా."

"కాయితంలో అట్లుండాదే!"

అంతలో జీపు వచ్చింది. పెద్దసారు ఫైలు చంకలో పెట్టుకుని దిగాడు. నన్ను చూసి మొహం గంటు పెట్టుకున్నాడు.

"వేదికలో ఏందమ్మా ఆ గలాటా? ముందు రిపోర్టులో సంతకం పెట్టు."

"పెట్టను సార్."

అంతమంది ముందు ఆయనకు కాదని చెప్పడం అదే మొదటిసారి. ఆయన నమ్మలేనట్టు చూశాడు.

"పెట్టకపోతే ఏమైతాదో తెలుసా నీకు?"

"తెలుసు. మీ ఫైల్లో ఫోటో ప్రింటు ఉండాది గదా, దాన్ని తీయండి సార్."

ఏమనుకున్నాడో, తీశాడు. కాగితమంటే ఆయనకు గౌరవం కదా.

"ఆకు మీద గళ్ళు కనబడతాండాయా?"

"కనబడతాండాయి. అదే గదా మొజాయిక్."

"ఆకు పట్టుకున్న వేలు సూడండి సార్. వేలు మీద?"

ఆయన కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు. వేలు మీద కూడా గళ్ళే. ఎర్ర గడీ, నల్ల గడీ, చామనచాయ గడీ.

"అన్నా, ఇట్ల రా. నీ బొటనవేలు సారుకు సూపించు," అన్నాను.

తోటాయన లేచొచ్చి చెయ్యి చాపాడు. సగం నల్లటి గోరు, బండబారిన వేలు. గళ్ళూ లేవు, మచ్చలూ లేవు.

"ఈయప్ప వేలుకు గూడా వైరస్ వచ్చినట్టుంది సార్," అన్నాను. "ముందు వేలు పీకుదాం. తర్వాత తోట పీకుదాం."

మొదట నవ్వింది ట్రాక్టరు డ్రైవరు. తర్వాత తోటాయన. ఆయన నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దసారు నవ్వలేదు. కాగితాన్నీ వేలినీ మార్చి మార్చి చూసి, తోటలోకి నడిచాడు. ఒక చెట్టు దగ్గర ఆగి కాండం తడిమాడు, ఆకు వంచి ఎండకు పట్టి చూశాడు. ఎన్నేళ్ళయిందో ఆయన ఆకు పట్టుకుని.

తిరిగొచ్చి, "రాసియ్యి," అన్నాడు. "పక్షం దినాలు గడువు. ఈలోగా ఏ తోటకు వ్యాపించినా నీదే బాధ్యత అని రాసియ్యి. నోటిమాట కుదర్దు."

జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రాసిచ్చాను. పక్కతోటాయన ట్రాక్టరు తిప్పుకున్నాడు గానీ, "నేను దినామూ వచ్చి సూస్తాంటా," అని చెప్పి మరీ పోయాడు. ఆ సాయంత్రం ఎండ తగ్గాక, వేదిక సలహా లేకుండా, సర్క్యులరును కాలి కింద వేసి, అన్నభేది నిమ్మ ఉప్పు కలిపి దగ్గరుండి కొట్టించాను. ఉద్యోగం పోతే మా ఇద్దరి జీతాల్లో ఒకటి పోతుంది, ఆ తోట పోతే ఒక కుటుంబానికి ఉన్నదంతా పోతుంది. ఆ లెక్క నేను గట్టు మీదే వేసుకున్నాను, మళ్ళీ వెయ్యదలుచుకోలేదు.

రెండు రోజులకు వేదికలో జవాబు వచ్చింది. అదే శాస్త్రవేత్త. నా ముక్కల్లో ఒకదాని కింద రాశాడు. "ఇది ఇనుప ధాతు లోపం మాత్రమే. అన్నభేది పిచికారీ చేయించండి. అయితే మీ జిల్లాలోనే వేరొక బొప్పాయి తోటకు మొజాయిక్ సోకినట్లు ఇటీవల ఇదే వేదికలో వచ్చినది. ఆ తోట దరిదాపులకు పోకుండా జాగ్రత్త వహించగలరు."

కంప్యూటరాయన అది పైకి చదివి, నా మొహం చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దసారు గదికి పరుగెత్తాడు. పెద్దసారు వచ్చి నిలబడే రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడు రెండు జవాబులుండాయి," అన్నాడు దిగులుగా. "ఏది ఫైల్లో పెట్టల్ల?"

నేను వేదికలో శాస్త్రవేత్త జవాబు కిందే రాశాను. "అయ్యా, రెండూ ఒకటే ఆకు. మొదటిసారి మీ రూలు ప్రకారం కుదించి పెట్టాను. రెండోసారి నాకు తోచినట్టు కత్తిరించి పెట్టాను. నమ్మకం లేకపోతే రెండింటిలోనూ వేలు చూడండి."

దానికి శాస్త్రవేత్త నుంచి జవాబు రాలేదు. వేదిక నడిపేవాళ్ళ నుంచి వచ్చింది. ఒకే ఆకును పలు ప్రశ్నలుగా విభజించి నిబంధనలు ఉల్లంఘించినందుకు నా సభ్యత్వం రద్దు. పిల్లికి చెలగాటం అంటారు చూడండి, అదే.

గడువు ముగియకముందే బొప్పాయికి కొత్త ఆకు విచ్చుకుంది. ఆకుపచ్చగా, నున్నగా. తోటాయన బస్టాండు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి ఆ ఆకు గురించి బిడ్డ పుట్టినట్టు చెప్పాడు. తర్వాత ఒకనాడు ఆ తోట నుంచి తిరిగి వస్తుంటే పక్కతోటాయన రోడ్డు దాకా నా వెంట నడిచొచ్చాడు. ఏదో చెప్పాలని నసుగుతున్నాడు.

"మేడమ్, నా తోటలో గూడా లేతాకులు ఇట్లనే తిరుక్కుంటాండాయి," అన్నాడు చివరికి, చుట్టూ చూసి. "ఆ అన్నభేది యాడ దొరుకుతాది?"

ఇద్దరిదీ ఒకటే సుద్ద నేల. ఆ సోమవారం ఒక తోటకు నిప్పు పెట్టి ఉంటే, వారం తిరక్కుండా రెండోదానికీ పెట్టేవాళ్ళం. ఆ మాట ఆయనతో అనలేదు. పచారీ కొట్టు పేరు చెప్పాను.

నెల తర్వాత పైనుంచి మెమో వచ్చింది. వేదిక సలహా లేకుండా మందు కొట్టించినందుకు, నిబంధనలు మీరినందుకు సంజాయిషీ ఇవ్వాలట. పెద్దసారు నన్ను పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, నచ్చజెప్పాడు. "పొరపాటున జరిగినది, మన్నించగలరు అని ఒక్క మాట రాయమ్మా. నేను చూసుకుంటా."

"పొరపాటున చెయ్యలేదు సార్. కావాలనే చేసినా."

ఆయన ముందే కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాశాను. ఆఫీసు భాష కూడా వాడలేదు. "తోట ఉండాది. వచ్చి చూసుకోండి."

ఆయన అది చదివి తల పట్టుకున్నాడు. పంపనన్నాడు. రెండు రోజులు తన సొరుగులో పెట్టుకున్నాడు. మూడోరోజు జీపు వేసుకుని ఎటో పోయాడు, క్యారియరు కూడా తీసుకుపోలేదు. సాయంత్రం వచ్చాక నన్ను లోపలికి పిలిచి, నా కాగితం సొరుగులోంచి తీసి, పెన్ను అందుకున్నాడు. ఆయన చెప్పులకు తెల్ల సుద్ద అంటి ఉంది. నా వాక్యం కింద తన చేత్తో ఇంకో వాక్యం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

"పోయి చూసితిని. తోట ఉన్నది."